కారుపిల్ల చెంప మీద దోమ

గొంతు ముందు వచ్చింది. మామిడి గుట్టల అవతలి నుంచి, గడ్డి పరిచిన గంపల మీదుగా, లారీల పొగలోంచి ఈదుకుంటూ వచ్చింది.

"రాండప్పా రాండి, నీలం కాయ చూడండి! వాసన చూడు, మూతి పెట్టొద్దు! ఏమప్పా సేలం సెట్టీ, కాయను చూస్తా ఉండావా, నన్ను చూస్తా ఉండావా? నన్ను కొనేకి అయ్యేది లేదు. నన్ను ఒకామె ఎప్పుడో కొనేసింది!"

గుంపు నవ్వింది. అదే మాట తమిళంలోకి దూకింది, అక్కడి నుంచి కన్నడంలోకి, మళ్లీ తెలుగులోకి. మధ్యలో ఊపిరి ఎక్కడ తీసుకుందో తెలియలేదు.

కృష్ణగిరి మామిడి మండీలో ఆశ ఆ గొంతును దారం కొసలా పట్టుకుని నడిచింది. అవతలి కొసన, బోర్లించిన ప్లాస్టిక్ క్రేటు మీద ఒక బక్కపలచని ముసలాయన నిలబడి ఉన్నాడు. మోకాళ్ల పైకి మడిచిన పంచె, తలకు తువ్వాలు. అంత గొంతు ఆ చిన్న ఒంట్లో ఎక్కడ కాపురముంటుందో అనిపించేలా ఉన్నాడు. పేరు గోపాలప్ప. డెబ్బై దాటినా ఎండాకాలం వస్తే ఈ మండీలో వేలం పాడాల్సింది ఆయనే.

ఆశ హోసూరులో యంత్రభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో డిజైన్ పని చేస్తుంది. నెలకొక ఆదివారం తెలుగు సంఘం హాల్లో పాత సినిమా వేసి, దాని బాగోగుల గురించి సంఘం పత్రికలో రెండు పేజీలు రాస్తుంది. ఈసారి 'కారుపిల్ల' వంతు. సినిమా అసలు పేరు వేరే. కానీ హోసూరు నుంచి అంచెట్టి దాకా పాతవాళ్లెవరూ ఆ పేరుతో పిలవరు. ఎవరిని కదిపినా ఒకటే మాట: "గోపాలప్పను అడుగు పాపా. ఆయప్ప లేంది ఆ సినిమా యాడిది?"

వేలం ముగిశాక గోపాలప్ప క్రేటు దిగి, దాన్నే తువ్వాలుతో తుడిచి ఆశకు కుర్చీగా వేశాడు.

"కారుపిల్లనా!" ఆయన ముఖంలో ఎవరో దీపం పెట్టినట్టయింది. "అది ఇంకా బతికుండాదా?"

"బ్రహ్మాండంగా ఉండాది తాతా. ఎవురో మంచి ప్రింటు దొరకబట్టి, గీతలు తుడిచి, సౌండు కూడా కడిగి పెట్టినారు. ఒక్కొక్క మాట గంట కొట్టినట్ల వినిపిస్తా ఉంది."

"మాటలు వినిపిస్తా ఉండాయా?" అన్నాడు గోపాలప్ప. ముఖంలో దీపం కొంచెం కదిలింది. ఆశ అది గమనించలేదు.

అడగకుండానే ఆయన కథలోకి దిగాడు. అప్పట్లో అంచెట్టిలో శేషప్ప అనే ఆయన టెంటు సినిమా నడిపేవాడు. ఒక ఎండాకాలం ఈ సినిమా తెచ్చాడు. తెరమీద మనుషులు పరుగెత్తుతూ మాట్లాడతారు, ఒకరి మాట మీద ఒకరు ఎక్కి తొక్కుతారు. పైగా అది కోస్తా తెలుగు. టెంటులో సగం మంది కన్నడం వాళ్లు, కొందరు తమిళం వాళ్లు. మిగిలిన తెలుగు వాళ్లకేమో ఆ తెలుగు ఎన్నడూ విన్నది కాదు. స్పీకరు చూస్తే చిరిగిన తప్పెట. మొదటి రోజు సగం సినిమాకే జనం లేచి బీడీలు ముట్టించుకున్నారు. సంతలో ఎద్దుల వేలం పాడుతున్న గోపాలప్పను శేషప్ప చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. తెర పక్కన స్టూలు వేసి, చేతికి మైకిచ్చి, సినిమా సౌండు తగ్గించేశాడు.

"మాట్లాడు అన్నాడు. మాట్లాడినాను. వాళ్లు అనేది ఒకటి, నాకు అర్థమయ్యేది ఒకటి, నోట్లోంచి వచ్చేది ఇంకొకటి! మేకను ఎక్కించుకుంటారే కారులో, దానికి కూడా మాటలు పెట్టినాను. మేక తమిళం మాట్లాడింది!"

ఆ మేక గురించి చెప్పాలంటే సినిమా చెప్పాలి. రైసుమిల్లు యజమాని కూతురు నిశ్చితార్థం నాడు నాన్న కారెక్కి పారిపోతుంది. దారిలో ఒక పశువుల డాక్టరు, జబ్బు మేకతో సహా, లిఫ్టు అడుగుతాడు. వెంట నాన్న, నాన్న వెంట పెళ్లికొడుకు, అతని వెంట మేక యజమాని. ఒక అబద్ధాన్ని కాపాడటానికి ఇంకో అబద్ధం పుడుతుంది. రాత్రి సత్రంలో ఆ డాక్టరు ఒకే గంటలో జ్యోతిష్కుడు, వంటమనిషి, మూగవాడు అవుతాడు. ఎవరూ తలుపు తట్టరు, తలుపులోంచి ఊడిపడతారు.

అంతలో ఒక మనిషి గంపతో వచ్చి ఆగాడు. మునిరాజు, మండీలో లోడు ఎత్తుతాడు, అంచెట్టి వాడు. తల్లి మారక్క ఒళ్లో కూర్చుని ఆ టెంటులో ఈ సినిమా చూసిన పిల్లల్లో ఒకడు. ఇప్పుడు అతనికే తల నెరిసింది.

"చివర్ది చెప్పినావా మావా?" అంటూ గంప దించాడు. "నేను చెప్తానుండు. ఆ డాక్టరు సట్టని ఆ పిల్ల చెంప మీద ఒకటి పీకుతాడు. టెంటులో ఆడోళ్లు అందురూ బిత్తరపోయినారు. అప్పుడు ఈయప్ప మైకులో ఏమన్నాడో తెలుసునా? 'భయపడొద్దండమ్మా, దోమ! చెంప మీద దోమ వాలింది!' జనం పడీ పడీ నవ్వినారు. ఆ పొద్దుట్నించి మా నాయన మాయమ్మను ఎప్పుడు కొట్టినా దోమ అనేవాడు. మేమూ నవ్వేవాళ్లం. మాయమ్మ కూడా నవ్వేది."

గోపాలప్ప తొడ చరుచుకుని నవ్వాడు. ఆశ నవ్వబోయి ఆగింది.

"ఆమీట ఆ పిల్ల కారు తాళం చెవి ఆయప్పకు ఇయ్యబోతుంది," మునిరాజు కొనసాగించాడు. "ఆయప్ప 'వద్దు, బండి నీది, నువ్వే నడుపు, నేను పక్కన కూచుంటాను' అంటాడు. అదీ సినిమా అంటే!"

"అట్ల లేదు కదా," అంది ఆశ. "తాళం ఆయన తీసుకుంటాడు. ఆమె కొంగు కప్పుకుని పక్కన కూచుంటుంది. ఆయన నడుపుకొని పోతాడు."

మునిరాజు గోపాలప్ప వైపు చూశాడు. 

"మునిరాజూ, పోయి టీ చెప్పు పో," అన్నాడు గోపాలప్ప. మునిరాజు వెళ్లాక గొంతు దించాడు. "తీసుకుంటాడా? నిజంగానా?"

"మీరు చూడలేదా తాతా?"

"రీలు ఆడ తెగిపోయి ఉన్నింది పాపా. రెండు చేతులు, నడాన తాళం. అంతే. ఎవురు ఎవురికి ఇస్తా ఉండారో దేవుడికే తెలియాల. టెంటు నిండా ఆడోళ్లు. ఆ పిల్ల అంత దూరం అంత బాగా నడుపుకొని వచ్చిందే, ఆమెతోనే పోనీ అనిపించింది. అనేసినాను."

"బాగానే అన్నారు కదా. ఎందుకు భయం?"

గోపాలప్ప తువ్వాలు విప్పి మళ్లీ కట్టుకున్నాడు. ఆ తర్వాత చెప్పింది చాలా మెల్లగా చెప్పాడు.

ఆ ఏడే ఆయనకు అంచెట్టి పక్క పల్లెలో పిల్లను చూశారు. ఆదిలక్ష్మమ్మ. పెద్దలు ఆకువక్క ముందు పెట్టుకుని మాట్లాడుకుంటుంటే ఆ పిల్ల తలెత్తి అందరి ముందరా అడిగింది: ఆ సినిమాలో తాళం దగ్గర డాక్టరు అన్న మాట ఈయన నాకు చెప్తాడా? పెద్దలకు అర్థం కాలేదు. గోపాలప్పకు అయింది. తను కల్పించిన మాటనే ఇంకొకరి మాటలాగా, తడబడుతూ, తిరిగి చెప్పాడు. ఆమె సరే అంది. అనేసి ఊరుకోలేదు. మొదట ట్రాక్టరు నేర్చుకుంది, తర్వాత మామిడి లోడు టెంపో. పెళ్లయిన నాటి నుంచి ఆయన ఎడమ పక్కనే కూర్చుంటున్నాడు.

"ఆమె నన్ను చేసుకోలేదు పాపా. ఆ మాటను చేసుకునింది. లోకంలో ఎవుడో ఒక మొగోడు అట్ల అన్నాడని నమ్మకం. ఇప్పుడు వీధిలో అందరికీ చెప్పుకొని తిరగతా ఉంది, ఆదివారం హోసూరు పోతా ఉండాను, కారుపిల్లను చూసేకి అని." ఆయన ఆశ చెయ్యి పట్టుకున్నాడు. "ఆ కడాపటి రీలు కత్తిరించెయ్యి. నీకు పుణ్యముంటుంది."

"కత్తిరించను తాతా. సినిమా ఎట్ల ఉండాదో అట్లనే వెయ్యాల."

"కరెంటు పోయిందను!"

"జనరేటరు ఉండాది."

"అది కూడా పోయిందను!"

ఆశకు నవ్వొచ్చింది. ఆ సినిమాలోంచి ఒక పాత్ర తెర దిగి వచ్చి తన ముందు కూర్చున్నట్టుంది. "మైకు ఇస్తాను. తమిళం వాళ్లు, కన్నడం వాళ్లు కూడా వస్తా ఉండారు. పాతమాదిరే మీరు మాట్లాడండి. చివర్లో ఏం చెప్పాల్నో మీ ఇష్టం."

హోసూరు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని సినిమాను మళ్లీ మనసులో వేసుకుంది. శూలగిరి కొండ తనే కిటికీ దగ్గరికి వచ్చి, కాసేపు బస్సుతోపాటు నడిచి, వెనకపడింది. ఈ సినిమా ఎందుకింత ముద్దొస్తుంది? అందులో ఎవరికీ దిగులు పడే తీరిక లేదు. ప్రేమ అనే మాట ఒక్కసారీ రాదు. ఇద్దరు మనుషులు ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ పడుతూ, ఒకచోట ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. ఆ ఆగడమే ప్రేమ. వాన మధ్యలో చూరు కింద దొరికిన పొడినేలలాంటి నిశ్శబ్దం అది. ఆ పిల్ల ఎవరికీ సంజాయిషీ ఇవ్వదు. ఆమె నవ్వితే తెరలోని వెలుగు పెరిగినట్టుంటుంది.

కానీ సినిమాలో ఒక నత్తివాడిని చూపించి నవ్వించడం రోతగా ఉంది. మిల్లు డ్రైవరును ఊరికే తంతుంటారు, అదీ హాస్యమే. ఆ కారులో పెట్రోలు అయిపోదు, ఎందుకంటే మిల్లు యజమాని కూతురి తప్పులకు ఖరీదు ఎప్పుడూ ఇంకెవరో కడుతుంటారు. ఇక ఆ చివర. రెండు గంటలు గాలిలా తిరిగిన పిల్లను ఒక్క దెబ్బతో కూర్చోబెట్టి, దానికి శుభం అని పేరు పెట్టారు. సినిమా తన పిల్లను చూసి తానే భయపడ్డట్టుంది.

ఆదివారం మధ్యాహ్నం టెంపో తెలుగు సంఘం గేటులోకి వంపు తిరిగి వచ్చి, రెండు స్కూటర్ల మధ్య ఒద్దికగా ఆగింది. స్టీరింగు దగ్గర్నుంచి ఆదిలక్ష్మమ్మ దిగింది. గట్టి మనిషి, జరీ అంచు చీర, తలలో కనకాంబరాలు. ఎడమ వైపు నుంచి గోపాలప్ప దిగాడు, బలికి తెచ్చినట్టు.

"నువ్వేనా ఆశవి? పొద్దుట్నించి ఈయప్పకు ఏమో పట్టింది పాపా," అంది ఆదిలక్ష్మమ్మ. "కడుపునొప్పి అన్నాడు. సోంపు నీళ్లు ఇచ్చినాను. టైరులో గాలి లేదన్నాడు. నేను తన్ని చూసినాను, రాయిమాదిరి ఉండాది. ఆమీట బండి తాళం కనపడలేదు. బియ్యం డబ్బాలో దొరికింది! ఎలక ఎత్తుకొనిపోయిందంట!"

"పెద్ద ఎలక," అన్నాడు గోపాలప్ప నేల చూస్తూ.

"ఎలక పంచె కట్టుకొనుంటుందా?" ఆమె ఆశ భుజం మీద చెయ్యేసి నవ్వింది. "మారక్కను కూడా రమ్మంటిని, మునిరాజు వాళ్లమ్మను. చిన్నప్పట్నించీ జతగాళ్లం. నేను చూసింది చాలు, నువ్వు పో అనింది. మొగుడు ముత్తప్ప పోయినప్పట్నించీ యాడికీ రాదు."

హాలు నిండింది. సినిమా మొదలయ్యాక గోపాలప్ప భయం మరిచిపోయాడు. మైకు చేతికొస్తే ఆయన మనిషి మారిపోతాడు. కడిగిన సౌండులో తెలుగు తళతళలాడుతూ పోతుంటే, దాని సందుల్లోంచి ఆయన తమిళం, కన్నడం కాళ్లకడ్డం పడే పిల్లల్లా పరుగెత్తాయి. సత్రం సీనులో ముందు వరుసలో ఒకాయన కుర్చీలోంచి జారిపోయాడు. మేక ఈసారి కన్నడం మాట్లాడింది. ఆదిలక్ష్మమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. పక్కవాళ్ల మోకాళ్ల మీద కొట్టి, "ఆ గొంతు మా ఇంటాయనదే" అంది, అందరికీ తెలిసినా.

చివరి రీలు వచ్చింది. ఊరి బయట రోడ్డు, కారు, ఇద్దరు మనుషులు. గోపాలప్ప మైకు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆశ ఆయన్నే చూస్తోంది.

డాక్టరు చెయ్యి లేచింది. కడిగిన సౌండులో ఆ దెబ్బ తెర మీద కాక హాల్లోనే పడినట్టు వినిపించింది.

"దోమ చెప్పప్పా, దోమ!" వెనక నుంచి ఎవరిదో పాత గొంతు అరిచింది.

"భయపడొద్దండమ్మా," అంది గోపాలప్ప నోరు, పాత అలవాటు మీద, ఆయన్ను అడగకుండానే. "దోమ! చెంప మీద దోమ!"

హాలు ఘొల్లుమంది. ఆ నవ్వు కింద, ఆనాడు చిరిగిన స్పీకరు మింగేసిన ఒక శబ్దం సన్నగా, స్పష్టంగా బయటికొచ్చింది. ఆ పిల్ల ఊపిరి ఆగి, వెక్కి, మళ్లీ మొదలైన శబ్దం. ఆ వెంటనే డాక్టరు మాట: "ఇప్పటికైనా ఆడదానివని గుర్తొచ్చిందా?"

నవ్వు ముక్కలు ముక్కలుగా ఆగింది. ఆదిలక్ష్మమ్మ తెర వైపు చూడటం లేదు. తల తిప్పి మొగుడి వైపు చూస్తోంది.

తాళం చెవి వచ్చింది. గోపాలప్ప మైకు దించేశాడు. డాక్టరు తాళం తీసుకున్నాడు. పిల్ల కొంగు కప్పుకుని పక్కన కూర్చుంది. కారు వెళ్లిపోయింది. శుభం.

దీపాలు వెలిగాక జనం ఆయన చుట్టూ మూగి మేకను పొగిడారు. ఆయన ఎవరినీ చూడటం లేదు. జనాన్ని తోసుకుని టెంపో దగ్గరికి వెళ్లేసరికి ఆదిలక్ష్మమ్మ తలుపుకు ఆనుకుని నిలబడి ఉంది. ఆశ నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయింది.

"ఆదిలక్ష్మీ, ఆ తాళం మాట..." అన్నాడు గోపాలప్ప. "సినిమాలో లేదు. నేనే..."

"చూసినాను కదా లేదని." ఆమె గొంతులో కోపం లేదు, అదే ఆయన్ను ఇంకా భయపెట్టినట్టుంది. "ఆయప్ప అనలేదు, నువ్వు అన్నావు. అన్నట్ల ఉన్నావు. నాకేం పోయింది? తాళం సంగతి కాదప్పా. దోమ అని ఎందుకు చెప్పినావు?"

గోపాలప్ప దీనికి సిద్ధంగా లేడు. "టెంటులో ఆడోళ్లు భయపడినారు. నవ్వించినాను."

"నవ్వినాం. అందురం నవ్వినాం. ఆమీట ఒగసారి మాయమ్మగారింటికి పోయినప్పుడు, మారక్క నీళ్లకాడికి వచ్చింది. పెదవి పగిలి, ఇంత వాచి ఉన్నింది. ఏమైంది అక్కా అంటిని. దోమ అనింది. నేను నవ్వినానప్పా. నీ మాటే కదా అని, మా ఆయన చెప్పిన మాట ఊరంతా చెప్తా ఉండారే అని, కడవ దించి మరీ నవ్వినాను. ఆమె నన్ను చూసి తనూ నవ్వింది. ఇంగేం చేస్తుంది?"

వీధిలో బస్సొకటి అరుచుకుంటూ పోయింది. ఆదిలక్ష్మమ్మ తలుపు తీసి ఎక్కింది. గోపాలప్ప బండి చుట్టూ తిరిగి, ఎడమ పక్కన ఎక్కి కూర్చున్నాడు. టెంపో గేటు దాటి కృష్ణగిరి దారి పట్టింది. ఇద్దరి తలలూ ముందుకే ఉన్నాయి.

ఆశ రెండు పేజీలు రాయడానికి కూర్చుంది. మేక బాగా వచ్చింది, సత్రం బాగా వచ్చింది. ఆ ఇద్దరూ ఒకేసారి ఆగిపోయే చోటు గురించి రాసింది చదువుకుంటే ఆమెకే ఇష్టమేసింది. చివరి రీలు దగ్గర కలం ఆగింది. సినిమా చేసిన తప్పు రాయడం సులువు. ఆ తప్పును ముద్దుగా కప్పిన మాట ఒకటి ఉంది, దాన్ని చెప్పినవాడు మంచివాడు, విన్నవాళ్లంతా నవ్వారు. దాన్ని రాయొచ్చా? అడగకుండా రాయలేకపోయింది. మంగళవారం పొద్దున ఫోన్ చేసింది.

మండీ గోల వినిపిస్తుందనుకుంది. వినిపించలేదు. ఎక్కడో కోడి, మేకల గంటలు, దూరంగా ఇద్దరు ఆడవాళ్ల మాటలు.

"తాతా, యాడుండారు?"

"అంచెట్టిలో ఉండాను పాపా. మారక్క ఇంటికాడ. పొద్దు పుట్టకముందే ఆదిలక్ష్మి బండి తీసింది. యాడికని అడగలేదు నేను. తెలిసిపాయె."

"ఏమన్నారు మారక్క?"

"నాతో ఇంగా ఏమీ అనలేదు. వాళ్లిద్దరూ అరుగు మీద కూచోనుండారు. ఆదిలక్ష్మి చెప్పాల్సింది చెప్పేసింది, ఏడ్చింది కూడా. మారక్క ఆమెకు మజ్జిగ ఇచ్చింది. నాకు ఇయ్యలేదు. నేను బండికాడే నిలబడుకొనుండాను."

ఆశ అడగాల్సింది అడిగింది. దోమ సంగతి రాయమంటారా అని.

"రాయి. మేక సంగతి ముందర రాసి, అది తర్వాత రాయి. కానీ రాయి." అవతల ఎవరో పిలిచారు, ఒక ముసలి గొంతు, ఆయన పేరే. గోపాలప్ప ఫోన్ చెవి నుంచి దించి, మళ్లీ పెట్టుకున్నాడు. "మారక్క రమ్మంటా ఉంది పాపా. ఏం చెప్పాల్నో నాకు తెలీదు, ఏ బాసలోనూ తెలీదు. పోయి ఆమె ముందర కూచుంటాను."